ఉప్పు లారీ

నవంబరు పదిహేడు, రాత్రి పదకొండు దాటాక
పసుప్పచ్చ దీపం ఒకటి నా గోడ మీద గిర్రున తిరిగి పోయింది.
సౌత్ షీల్డ్స్ వీధుల్లోకి ఉప్పు లారీ వచ్చింది.
ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోకుండా
అక్షింతలు చల్లినట్టు రోడ్డంతా ఉప్పు.
మా ఇంట్లో ఉప్పుతో దిష్టి తీసేవాళ్ళు.
ఇక్కడ ఉప్పే దిష్టి.

ఇక మార్చి దాకా బండి తియ్యకూడదు.

తెల్లారి, గోడ అవతలి స్టాన్ హెడ్లీ
మడత కుర్చీ తెచ్చుకుని మా షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు టైన్ ఒడ్డున
ఓడల పొట్టలకి రంగులేసిన చేతులు.
ఇప్పుడు కప్పులో టీ నిలవదు.
పని నాది, మాట ఆయనది.

"వేణ్ణీళ్ళు వద్దు. వెచ్చబడితే ఉప్పుకి పళ్ళొస్తాయి."
చన్నీళ్ళ బకెట్టు. పాత టూత్ బ్రష్షు.
చువ్వకీ చువ్వకీ నడుమ, గొలుసు సందుల్లో,
ఇంజను రెక్కల కింద,
నా వేళ్ళు నావి కాకుండా పోయేదాకా.
ఆరబెట్టడానికి హెయిర్ డ్రయరు తెస్తే
స్టాన్ నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు.
నెలల పిల్లకి తలంటి సాంబ్రాణి పట్టేవాళ్ళని
ఆయనెప్పుడు చూశాడు గనక.

తర్వాత నూనె. అద్దం మీద ఊదిన ఊపిరంత పల్చగా.
జాడీలో ముక్క పైకి తేలితే బూజు, నూనె తేలితే ఏడాది:
ఈ సంగతి ఆయనకి చెప్పాలనిపించింది.
ఆవకాయకి ఇంగ్లీషు దొరక్క
"నూనెలో మునిగిన ఓడ అనుకో" అన్నాను.
తలూపాడు. ఏమర్థమైందో.

బ్రేకు పళ్ళాలకి మాత్రం చుక్క అంటకూడదు.
"అక్కడ తుప్పే నయం. నూనె పడితే నువ్వే ఆగవు."
ట్యాంకు నిండా పెట్రోలు,
ఖాళీ ఉంటే చెమ్మ కాపురం పెడుతుంది.
సైలెన్సరు నోట్లో గుడ్డ. చక్రాల కింద చెక్క.
బ్యాటరీ నా పడగ్గదిలో, పచ్చ దీపం వెలిగించుకుని.

టార్చి వేసి ట్యాంకు అడుగు తుడుస్తుంటే
ఎరుపు మీద ఇంకో ఎరుపు.
బండిది టమాటా, చుక్కలవి దానిమ్మ గింజ.
పదకొండు చుక్కలు. గోటితో గీకి చూశాను.
గోళ్ళ రంగు.

"జీన్," అన్నాడు స్టాన్.
బండి ఆమెది. తాళ్ళ ఫ్యాక్టరీకి దీని మీదే వెళ్ళేది.
నాకు అమ్మేటప్పుడు ధర తప్ప ఇంకేమీ చెప్పలేదాయన.
"ఓడలకి రంగులేసేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని,
ఒక్క మాట అడగలేదు చూడు."
కోపం కాదు. ఏదో.
కుర్చీ జరుపుకుని వంగి, ఒక్కో చుక్కా తడిమాడు.
వేలు వణికింది గానీ లెక్క తప్పలేదు.

పన్నెండో దెబ్బ నాది. సెప్టెంబరులో గులకరాయి.
లోపల ఇనుము అప్పుడే నారింజ తిరిగింది.
నా దగ్గరున్నది ఒక్కటే సీసా,
ఆసుపత్రి డ్యూటీకి పనికిరాక మూలపడ్డ వంకాయ రంగు.
"కలవదు," అన్నాను.
"ఏ ఓడకీ కలవలేదు. అడ్డం ఉంటే చాలు. ముందు గీకు."

గీకాను. గరుకు కాగితంతో.
మా వైపు దాన్ని ఉప్పు కాగితం అంటారని
చెబుదామనుకుని ఊరుకున్నాను.

షెడ్డులో మబ్బుగా ఉంది. చలికి చుక్క త్వరగా ఆరదు.
ఇద్దరం వంగి ఊదాం.
నాలుగుసార్లు ఊది ఆయన ఆగిపోయాడు.
మిగతాది నేను ఊదాను.